కంచె మీద వందమంది

ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం గేటు ముందు నిలబడ్డప్పుడు నా ఉత్సాహం సగం చచ్చింది. లక్షమంది పట్టే చోటని మా మేనల్లుడు నెలరోజులుగా ఊదరగొట్టాడు. తీరా చూస్తే మేం నిలబడ్డ కొసన ఇటుకగోడ, ఇనప గేట్లు, చేతిసంచులు వెనక్కి పంపే మనుషులు. మార్కెట్ యార్డు ప్రహరీ ఇంతకంటే ఠీవిగా ఉంటుంది. "ఇంతేనట్రా?" అన్నాను. "లోపలికొచ్చాక మాట్లాడు మామయ్యా" అన్నాడు.

లోపలికెళ్లాక మాట్లాడలేదు. గోడ దాటి నాలుగడుగులు వేశామో లేదో కాళ్ల ముందు నేల తెగి కిందికి దిగిపోయింది. మెట్ల వెంట మెట్లు, అన్నిటి అడుగున పచ్చటి మైదానం. పేద్ద దిగుడుబావి అనుకోండి, నీళ్లకు బదులు అడుగున ఆట. మావైపు కుర్చీల్లేవు. పొడుగాటి అల్యూమినియం బల్లలు, వాటిమీద అంకెలు. ఒక అంకెకు దక్కిన జాగాయే మన రాజ్యం. నా రాజ్యంలోకి పక్కాయన తొడ, ఆయన రాజ్యంలోకి నా మోచెయ్యి.

ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాకు తెలిసింది అంతంతమాత్రం. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు జరపాలి, జరపలేకపోతే అవతలివాళ్లకు వదులుకోవాలి. అది తెలిస్తే చాలు, మిగతాది పక్కవాళ్లు అరిచినప్పుడు అరవడమే అన్నాడు మావాడు. దాంతో నేను మైదానాన్ని వదిలి మనుషుల్ని చూస్తూ కూర్చున్నాను. ఇంతమంది ఈ బల్లల మీదికి ఎలా వచ్చి చేరారన్నది ఆటకంటే ఆసక్తిగా తోచింది. ఇంటికొచ్చి ఆరా తీస్తే తేలిందేమిటంటే, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆడేవాళ్ల చరిత్ర ఒకటి, చూసేవాళ్ల చరిత్ర ఒకటి. చాలాచోట్ల రెండోదే మొదటిదాని ముక్కుతాడు పట్టుకుని నడిపించింది.

మొదటి ఆట 1869 నవంబరు 6, శనివారం. న్యూజెర్సీ రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్ కాలేజీ కుర్రాళ్లకూ, రైలెక్కి వచ్చిన ప్రిన్స్‌టన్ కుర్రాళ్లకూ జరిగింది. పక్షానికి పాతికమంది. బంతి గుండ్రటిదే. తన్నొచ్చు, చేత్తో కొట్టొచ్చు, పట్టుకుని పరిగెత్తకూడదు. ఆ రోజుకది న్యాయంగానే ఫుట్‌బాల్. గుర్తు తెలియడానికి రట్గర్స్‌వాళ్లు తలకు ఎర్రగుడ్డ చుట్టుకున్నారు. ఆరు గోల్స్ ఎవరు ముందు కొడితే వాళ్లదే గెలుపు. రట్గర్స్ 6, ప్రిన్స్‌టన్ 4.

చూడ్డానికి వచ్చింది ఓ వందమంది. టికెట్ లేదు, బల్ల లేదు. కొందరు నేలమీద చతికిలబడ్డారు, కొందరు మైదానం పక్కనున్న కొయ్యకంచె ఎక్కి కూర్చున్నారు. ఆట మధ్యలో బంతి కంచెవైపు దొర్లితే, అందరూ బిగ్ మైక్ అని పిలిచే ప్రిన్స్‌టన్ భారీకాయుడూ, రట్గర్స్ ఆటగాడొకడూ దాని వెనక దూసుకెళ్లి కంచెను గుద్దేశారు. కంచె విరిగింది, మీద కూర్చున్నవాళ్లు కుప్పగా పడ్డారు. ఈ ఆటలో ప్రేక్షకుడి చరిత్ర అలా నడుం విరగ్గొట్టుకోవడంతో మొదలైంది.

అరుపుల సంగతీ అక్కడిదే. అవతలివాళ్లను బెదరగొట్టడానికి ప్రిన్స్‌టన్ ఆటగాళ్లు పరిగెత్తుతూనే కేక పెట్టేవారట. ఊపిరి చాలక, తర్వాతి ఆటకు ఆ పని బయట నిలబడ్డవాళ్లకు అప్పగించారని చెబుతారు. కూత కూడా ఆటలో భాగమైన కబడ్డీ ఎరిగినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆట ఒకరిదైంది, కూత మరొకరిదైంది. ప్రిన్స్‌టన్ చదువు చదివిన థామస్ పీబుల్స్ అనే ఆయన ఆ కేకల పద్ధతిని 1880ల్లో మిన్నెసోటా యూనివర్సిటీకి పట్టుకెళ్లాడు. 1898 నవంబరులో, జట్టు వరసగా ఓడుతున్న రోజుల్లో, జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి జనం ముందుకొచ్చి నిలబడి అందరి చేతా ఒక్కసారిగా కేక పెట్టించాడు. చీర్‌లీడర్ అన్న జాతికి మూలపురుషుడు అతనే. పురుషుడే. ఆడపిల్లలు ఆ పనిలోకి వచ్చింది 1923లో, అదీ మిన్నెసోటాలోనే. రెండో ప్రపంచయుద్ధానికి మగపిల్లలు వెళ్లిపోయాక ఆ చోటు వాళ్లదైంది. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చీర్‌లీడర్‌గా గంతులేసిన కుర్రాడొకడు తర్వాత దేశానికి అధ్యక్షుడయ్యాడు. పేరు ఐసెన్‌హోవర్.

1875లో హార్వర్డ్, యేల్ మొదటిసారి తలపడేసరికే చూసేవాళ్లు రెండువేలయ్యారు, టికెట్ యాభై సెంట్లయింది. డబ్బు కనపడగానే ఆట ఊరు మారింది. థాంక్స్‌గివింగ్ పండగనాటి పెద్ద ఆటను న్యూయార్క్‌కు తరలించారు. 1893లో మన్‌హటన్ ఫీల్డ్‌లో యేల్, ప్రిన్స్‌టన్ ఆడితే నలభైవేలమంది వచ్చారని లెక్క. ఆ రోజును హార్పర్స్ వీక్లీ పత్రికలో రిచర్డ్ హార్డింగ్ డేవిస్ అనే పాత్రికేయుడు వర్ణించాడు. పొద్దుటినుంచే ఫిఫ్త్ అవెన్యూ మీద నాలుగు గుర్రాల బళ్లు బారులు తీరాయి. ఒకవైపు నీలం జెండాలు, ఒకవైపు నారింజ, నలుపు. బళ్లను మైదానం పక్కకు తోలి, గుర్రాలు విప్పేసి, బండి కప్పుమీదే కూర్చుని ఆట చూశారు. మధ్యలో బుట్టలు విప్పి కోడిమాంసం, షాంపేన్. పండగపూట చర్చి ప్రార్థనలు కూడా పాదుర్లు తొందరగా ముగించాల్సి వచ్చిందట.

ఇవాళ స్టేడియం బయట జరిగే టెయిల్‌గేట్ విందుకు తాతముత్తాతలు ఆ బళ్లే అని నా ఉద్దేశం. గుర్రబ్బండి పోయి స్టేషన్ వ్యాగన్ వచ్చింది, దాని వెనకతలుపు కిందికి దించితే అరుగులా తయారైంది, ఆ తలుపు పేరే తిండికీ వచ్చింది. ఆన్ ఆర్బర్‌లో నేను చూసింది జాతర ముందు విడిది: గోల్ఫ్ మైదానం నిండా కార్లు, పక్కన గుడారం, పొయ్యిమీద మాంసం, పిల్లలు బంతి విసురుకోవడం, పెద్దాయన మడతకుర్చీలో కునుకు. టికెట్ లేకుండా అక్కడికే వచ్చి, తిని, అక్కడే టీవీ పెట్టుకుని ఆట చూసి ఇంటికెళ్లే కుటుంబాలున్నాయి. దేవుడి దర్శనం కాకపోయినా తిరునాళ్లు చూస్తే చాలనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు కదా. టెనెసీలో నది ఒడ్డున స్టేడియం ఉండటంతో 1960ల నుంచి పడవల్లో వచ్చి లంగరేసి తినేవాళ్లు కూడా తయారయ్యారు.

న్యూయార్క్‌లో తాగి పోలీసులకు దొరికే విద్యార్థులతో వేగలేక అధ్యాపకులు ఆటను మళ్లీ కాలేజీ ఆవరణలోకి లాక్కొచ్చారు. అప్పుడొచ్చింది చిక్కు: ఇంతమంది కూర్చునేదెక్కడ? కొయ్య గ్యాలరీలు కూలేవి, కాలిపోయేవి. 1903లో హార్వర్డ్ ఇనపచువ్వల కాంక్రీటుతో గుర్రపునాడా ఆకారంలో స్టేడియం కట్టింది. లక్ష డాలర్లు 1879లో చదువు పూర్తిచేసిన బ్యాచ్ ఇచ్చింది. ప్రారంభపు ఆటలో హార్వర్డ్ ఓడిపోయింది, అది వేరే సంగతి.

రెండేళ్లు తిరక్కుండా ఆటే మూతబడే పరిస్థితి వచ్చింది. అప్పటి ఆట గుంపుమీద గుంపు పడి తొక్కుకోవడం. ఒక్క 1905 సీజన్‌లోనే దేశం మొత్తంమీద చిన్నాపెద్దా ఆటల్లో 18 మంది చనిపోయారని పత్రికలు లెక్కేశాయి. అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దల్ని శ్వేతసౌధానికి పిలిచి మాట్లాడాడు. మైదానాన్ని వెడల్పు చేస్తే తొక్కిసలాట తగ్గుతుందని కొందరన్నారు. కానీ హార్వర్డ్ కొత్త స్టేడియం కాంక్రీటు, పక్కకు జరగదు. ఆ దారి మూసుకుపోయాక 1906లో బంతిని ముందుకు విసిరే వెసులుబాటు నిబంధనల్లోకి వచ్చింది. ఇవాళ లక్షమంది ఊపిరి బిగబట్టి తలెత్తి చూసే ఆ పొడుగాటి విసురుకు, చూసేవాళ్ల కోసం కట్టిన గ్యాలరీ కూడా ఒక కారణమన్నమాట.

1914లో యేల్ ఇంకో అడుగు వేసింది. నేల తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోసి, గట్టుమీద బల్లలు వేసింది. డెబ్బైవేలమంది పట్టే ఆ కట్టడం గిన్నెలా ఉండటంతో యేల్ బౌల్ అన్నారు. దాని నమూనాలో పాసడీనాలో 1922లో కట్టింది రోజ్ బౌల్. అక్కడ కొత్త సంవత్సరంనాడు జరిగే ఆటకూ స్టేడియం పేరే పడింది. తర్వాత సీజన్ చివర్లో ఎక్కడ ఏ ప్రత్యేకమైన ఆట పెట్టినా, స్టేడియం చతురస్రంగా ఉన్నా సరే, అది బౌల్ అయిపోయింది. అసలు పాసడీనాలో తొలి ఆట 1902లో. మిషిగన్ 49, స్టాన్‌ఫర్డ్ సున్నా. ఆ ఏకపక్షపు పోరు చూసి విసుగెత్తిన నిర్వాహకులు కొన్నేళ్లపాటు ఫుట్‌బాల్ మానేసి రథాల పందేలు పెట్టారు. నన్నడిగితే అది కూడా తీసిపారేసే ఆలోచన కాదు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక దేశమంతా స్టేడియాల మోజు పట్టుకుంది. చనిపోయిన సైనికుల పేర చందాలు పోగయ్యాయి. మెమోరియల్ స్టేడియం అన్న పేరు అన్నిచోట్ల వినపడటానికి కారణం అదే. మేం కూర్చున్న ఆన్ ఆర్బర్ దిగుడుబావి 1927 నాటిది. యూనివర్సిటీ క్రీడల డైరెక్టర్ ఫీల్డింగ్ యోస్ట్ దీన్ని చందాలతో కట్టలేదు. ఐదువందల డాలర్ల బాండ్లు మూడువేలు అమ్మాడు. కొన్నవాళ్లకు పదేళ్లపాటు మంచిచోట టికెట్ కొనుక్కునే హక్కు. గమనించండి, టికెట్ కాదు, కొనుక్కునే హక్కు. ఇవాళ అధికారిక సామర్థ్యం 1,07,601. చివరి ఆ ఒకటి పాత కోచ్ ఫ్రిట్జ్ క్రైస్లర్ గౌరవార్థం చేర్చిన సీటట. ఎక్కడుందో ఎవరికీ తెలియదంటారు. నా పక్కాయన కూర్చున్నదే అదని నా అనుమానం, అంత దర్జాగా పరుచుకున్నాడు.

పూర్వ విద్యార్థుల్ని రప్పించే హోమ్‌కమింగ్ కూడా జనం కోసం పుట్టిందే. 1911లో మిస్సూరి యూనివర్సిటీలో క్రీడల డైరెక్టర్ చెస్టర్ బ్రూవర్, కాన్సస్‌తో ఆటకు అందరూ ఇంటికి రండని పిలుపిచ్చాడు. వేలల్లో వచ్చారు. ఆట 3–3తో తేలకుండా పోయింది, ఆనవాయితీ మాత్రం నిలబడింది. బేలర్, ఇల్లినాయ్‌వాళ్లు మేమే ముందు అంటారు. ఇలాంటి తగువు తెగదు. తెగితే ముచ్చటేముంది!

విరామంలో బ్యాండ్ దిగినప్పుడు మాత్రం నేను నోరెళ్లబెట్టి చూశాను. ఈ బ్యాండ్లకు మూలం సైనిక శిక్షణ. 1907లో పర్డ్యూ బ్యాండ్ వరసలు విడగొట్టి మైదానంలో పీ అక్షరంగా నిలబడింది. ఒహాయో స్టేట్ 1936లో తమ రాష్ట్రం పేరును కలిపిరాతలో నడిచి చూపించింది. చివర్లో సూసాఫోన్ అనే పెద్ద బాకా మోసేవాడు గెంతుతూ వెళ్లి ఐ అక్షరం మీద చుక్కై నిలబడతాడు. నల్లజాతి కాలేజీల్లో ఈ బ్యాండే అసలు పంట. దక్షిణాదిలో తెల్లవాళ్ల కాలేజీలు నల్ల ఆటగాళ్లను రానివ్వని కాలంలో వాళ్లు తమ ఆట తామే కట్టుకున్నారు. 1892 డిసెంబరులో నార్త్ కరొలైనాలో బిడిల్, లివింగ్‌స్టన్ కాలేజీలు మంచులో ఆడిన ఆటతో అది మొదలు. న్యూ ఆర్లియన్స్‌లో గ్రాంబ్లింగ్, సదర్న్ తలపడే బేయూ క్లాసిక్‌లో విరామం రాగానే తినుబండారాల వైపు లేచేవాణ్ణి అమాయకుడి కింద జమకడతారు.

మావాడు ఆన్ ఆర్బర్ స్టేడియాన్ని మొట్టమొదట చూసింది ప్రేక్షకుడిగా కాదు. ఆగస్టులో హైదరాబాద్ నుంచి దిగి, సెప్టెంబరులో క్యాంపస్ ఉద్యోగంగా లోపలి తినుబండారాల కౌంటర్‌లో నిలబడ్డాడు. మొదటి సీజనంతా ఆట చెవులతోనే చూశాడు. ఏ అరుపు టచ్‌డౌన్‌ది, ఏ మూలుగు బంతి జారిపోయినదానిదో జంతికలు, నీళ్లసీసాలు అందిస్తూనే చెప్పగలిగే స్థాయికి వచ్చాడు. రెండో ఏడు టికెట్ కొని విద్యార్థుల వైపు వెళితే, అక్కడ ఆట అయిపోయేదాకా నిలబడే చూశానని చెప్పాడు. నిలబడటంలో టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీవాళ్లది పెద్దచెయ్యి. 1922 జనవరి 2న డాలస్‌లో ఆటగాళ్లు గాయపడి తరిగిపోతుంటే కోచ్ గ్యాలరీలోంచి కింగ్ గిల్ అనే విద్యార్థిని పిలిచాడు. అతను దెబ్బతిన్నవాడి దుస్తులు తొడుక్కుని ఆట ముగిసేవరకు గీత పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. దిగాల్సిన అవసరం రాలేదు. పదకొండుమంది ఆటకు పన్నెండోవాడన్న పేరొచ్చింది. ఇప్పటికీ అక్కడి విద్యార్థులు అతని గౌరవార్థం ఆటంతా కూర్చోరు.

కాలేజీలన్నిటినీ కంగారుపెట్టింది టీవీ. ఇంట్లో ఊరికే చూడగలిగితే టికెట్ ఎవడు కొంటాడన్న భయంతో 1951 నుంచి కాలేజీల సంఘం ప్రసారాల మీద పరిమితి పెట్టింది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కితే 1984లో సుప్రీంకోర్టు ఆ కట్టడిని కొట్టేసింది. ఇప్పుడు ఆట మధ్యాహ్నమా రాత్రా అన్నది కూడా టీవీవాళ్లే తేలుస్తారు. ప్రకటన వచ్చినప్పుడల్లా ఎర్రటోపీ మనిషొకడు మైదానంలోకి నడిచొచ్చి నిలబడతాడు. అతను కదిలేవరకు ఇరవైరెండుమందీ చేతులు నడుంమీద పెట్టుకుని నిలబడతారు. లక్షమందిమీ ఎక్కడో సోఫాలో కూర్చున్నవాడు కారు ప్రకటన చూడటం పూర్తయ్యేదాకా ఆగుతాం.

నాలుగో క్వార్టర్‌లో అలాగే ఆగాం. చలి ముదిరింది, బల్ల చల్లగా కొరుకుతోంది. ఎర్రటోపీ పక్కకు తప్పుకుంది. నా ముందు వరసంతా ఒక్కసారి లేచి నిలబడింది. మా ఎదుటివాడు ఆరడుగుల పైమాటే, నెత్తిమీద ఉన్నిటోపీ, దానిమీద పెద్ద కుచ్చు. బంతి గాల్లోకి లేచినట్టుంది. జనం తలలు ఎడమనుంచి కుడికి తిరిగాయి, తర్వాత చెవులు చిల్లులుపడే అరుపు. "చూశావా మామయ్యా!" అని మావాడు నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. నాకు కనిపించింది కుచ్చొక్కటే. పక్కనెక్కడైనా కొయ్యకంచె ఉంటే ఎక్కి కూర్చునేవాణ్ణి.