క్రొత్త బండి – పాత పరీక్ష

ప్రత్తి దినములలో భైంసా బజారునకు వచ్చినవారికి ట్రాక్టరు ట్రాలీలు బారులు దీరి కనబడును. ఒక్కొక్క ట్రాలీ ఒక్కొక్క కుటుంబము యొక్క యేడాది కష్టమును మోయుచుండును. అట్టి బండిని క్రొత్తగా అమ్మువాడు ఎట్లు పరీక్షించి యిచ్చుచున్నాడు? కొనువాడు దేనిని నమ్మి ధనము చెల్లించుచున్నాడు? ఈ ప్రశ్న నేడు పుట్టినది గాదు.

మన ధర్మశాస్త్రములలో ‘క్రీతానుశయ’మను వ్యవహారపదము కలదు. కొనినపిమ్మట పశ్చాత్తాపపడుట యని దాని భావము. కొనువాడు ముందుగా తానే గుణదోషములు విచారింపవలెననియు, పరీక్షించి మెచ్చి కొనినదానిని మరల నీయరాదనియు నారదస్మృతి శాసించినది. తాను చూచుటయే గాక ఇతరులకును చూపవలెనని బృహస్పతి చెప్పెను. యాజ్ఞవల్క్యుడు మఱియొక యడుగు ముందునకు వేసెను. వాడిచూచిన గాని తెలియని దోషములుండును గదా! కావున ఇనుమునకు 1 దినము, పాడిపశువునకు 3, ఎద్దులవంటి వాహ్యములకు 5, రత్నములకు 7, విత్తనములకు 10 దినములు పరీక్షాకాలముగా నిర్ణయించెను. ఆ పట్టికలోనే దాసదాసీజనమును జేర్చుట ఆ కాలపు కళంకము. మిగిలిన న్యాయము మాత్రము మెచ్చదగినది. కల్యాణి చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యానము రచించెను. 13వ శతాబ్దమున కేతన దానిని తెనుగుపద్యములలోనికి దెచ్చెను.

నా చిన్నతనమున మా తండ్రిగారు బండి చేయించిన విధము నాకు జ్ఞాపకమున్నది. వడ్రంగి మా యూరివాడే. కమ్మరి ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి చక్రమునకు తొడిగి నీళ్లు చల్లగా, అది ముడుచుకొని ఆకులను బిగించెను. తండ్రిగారు చక్రమును త్రిప్పి, ఒక్కొక్క ఆకును కఱ్ఱతో తట్టి చెవియొగ్గి వినిరి. పిదప బరువెత్తి రెండుమూడు మైళ్లు తోలించి, ఇరుసును కడచీలను చూచి గాని ధాన్యము కొలువలేదు. చేసినవాడు ప్రతిదినము ఎదురుపడువాడు. లోపమున్న మొగము చాటు చేసికొనుటకు వానికి తావు లేదు.

ఇప్పుడు అమ్మువాడు దూరముననున్నాడు. పరీక్ష యొక కాగితమైనది. నా పూర్వశిష్యుడొకడు క్రొత్త ట్రాలీ కొనెను. మొదటి ప్రత్తి మోతలోనే చక్రము ఊడి బండి ఒరిగెను; అతని తమ్ముని కాలు విఱిగెను. అడుగబోగా, “అన్నియు చూచికొంటినని సంతకము చేసితివి గదా” యని అంగడివారి సమాధానము. ఆ కాగితమును అతడు అప్పుడు నాయొద్దకు దెచ్చెను. అది ఆంగ్లమున నున్నది. చక్రపు మరల బిగింపు మొదలు దీపముల వఱకు గల ప్రతిపంక్తికిని ఒకే చేతి గుర్తు, ఒకే దెబ్బలో పెట్టినట్లున్నది. అది పరీక్ష గాదు. పరీక్ష యొక్క వేషము. చదువు చెప్పిన నేను, సంతకమునకు ముందు చదువుమని నేర్పలేకపోతిని గదా యని నొచ్చుకొంటిని.

అమెరికా దేశమున మోటారు వెనుక తగిలించి యీడ్చుకొనిపోవు ఇండ్లబండ్లు కలవు. కప్పు కారునా, గ్యాసు గొట్టము నిలుచునా, బ్రేకులు పట్టునా యని అమ్మువాడు అప్పగింతకు ముందు చూచుట అచ్చటి వాడుక. అయినను జాగ్రత్తపరులు కూలి యిచ్చి తమ పక్షమున వేఱొక పరీక్షకునిచే చూపించుకొందురు. బృహస్పతి మాటయే యిది!

మన దేశమున 1930 సంవత్సరపు వస్తువిక్రయ చట్టము, ముందు చూడని సరకును పరీక్షించుటకు కొనువానికి తగిన యవకాశమిచ్చినది. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము, లోపముగల వస్తువువలన కలిగిన హానికి చేసినవానిని, తగిన సందర్భముల అమ్మినవానిని గూడ బాధ్యుని జేసినది. కాని చట్టము విఱిగినకాలిని వెంటనే అతుకజాలదు.

కావున రైతుసోదరులారా! పైకము చెల్లింపకముందే బరువెత్తి తోలించుడు. మరలు మీయెదుట బిగింపించుడు. తెలిసినవానిని వెంట గొనిపొండు. కాగితమును చదివించుకొని, కన్నులార చూచినదానికే సంతకము చేయుడు. కంటికి కనబడు దోషము కొనువాని పాలు, కనబడనిది అమ్మువాని పాలు: ఇదియే పెద్దలు మనకిచ్చిన పంపకము.