ఐదు వాట్ల నవాబీ

పాత రేడియోగ్రాములోంచి ఊడదీసిన స్పీకర్లను ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్ యాంప్లిఫయరుకు తగిలించి, రెండు పాటలు విని, ‘ఉత్త డబ్బా మోత’ అని పెదవి విరిచేవాళ్లు హైదరాబాదులో తక్కువేం కాదు. ఆ తర్వాత అవి కబాడీ బండి ఎక్కేస్తాయి. అవే స్పీకర్లకు నాలుగు వాల్వుల చిన్న యాంప్లిఫయరు దొరికితే గదంతా పాట నిండిపోతుంది. ఇందులో మాయేమీ లేదు. ఆ స్పీకరు వాట్లు కరువైన రోజుల్లో పుట్టింది. ఆ కరువు సంగతి తెలియకుండా దాన్ని ‘అప్‌గ్రేడ్’ చేయబోతే ఉన్న మంచి కాస్తా ఊడ్చుకుపోతుంది.

పాతబస్తీలో ఈ కథ ఎత్తుకోవడానికి జహనుమా సరైన చోటు. ఫలక్‌నుమాకూ శంషీర్‌గంజ్‌కూ ఆనుకుని ఉన్న ఈ బస్తీకి పేరిచ్చింది నిజాం కొలువులో పెద్ద ప్రభువులైన పైగా వంశపు నవాబుల మహలు. దానితో పేరు ముడిపడిన షంసుల్ ఉమ్రా నవాబ్ ఫక్రుద్దీన్ ఖాన్‌కు సైన్సంటే పిచ్చి. 19వ శతాబ్దం తొలి సగంలోనే సొంతంగా లితో ప్రెస్సు పెట్టించి, ఇంగ్లిషు విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించాడు. ‘సిత్తా-ఎ-షంసియా’ పేరుతో వచ్చిన ఆరు చిన్న పుస్తకాల్లో నీటి గురించి ఒకటి, గాలి గురించి ఒకటి, కాంతి గురించి ఒకటి ఉన్నాయి. విద్యుత్తు గురించీ ఒకటుంది. లండన్‌లో ఫారడే ఇంకా ప్రయోగశాలలో తలమునకలుగా ఉన్న రోజులవి. అదే వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో పక్క కొండ మీద ఫలక్‌నుమా మొదలుపెట్టాడు. చూడవచ్చేవాళ్ల కళ్లన్నీ కొండ మీదికే పోతాయి గానీ, కరెంటు ముచ్చట్లలో పెద్దన్న జహనుమాయే.

వాల్వు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మధ్యలో మూడో ఎలక్ట్రోడు, అంటే గ్రిడ్, పెట్టాడు. గ్రిడ్ మీద పడే చిన్న సంకేతం ప్లేటుకు పోయే పెద్ద కరెంటును ఆడిస్తుంది. అక్కడితో చిన్న శబ్దాన్ని పెద్దది చేయడం మనిషికి పట్టుబడింది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీర్లు రైస్, కెలాగ్ కాగితపు కోన్, వాయిస్ కాయిల్ ఉన్న స్పీకరును లోకానికి చూపించారు. వందేళ్లు దాటినా ఇళ్లలోని స్పీకర్లు చాలావరకు ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

హైదరాబాదు రేడియో మొదట ఒక ప్రైవేటు వ్యక్తి ఉత్సాహంతో నడిచిన చిన్న స్టేషను. 1935 ఫిబ్రవరి 3 నుంచి అది నిజాం ప్రభుత్వ దక్కన్ రేడియో అయింది. అప్పటి ట్రాన్స్‌మిటరు శక్తి 200 వాట్లు. తర్వాత సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల మార్కొనీ ట్రాన్స్‌మిటరు వచ్చింది. 1948 సెప్టెంబరు 17న ఏడో నిజాం స్వయంగా మైకు ముందుకొచ్చి మాట్లాడిన మాటలు జనం చెవిన పడింది ఈ స్టేషను ద్వారానే. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసిపోయింది. ఆనాటి శ్రోత ఇంట్లో ఉన్నది వాల్వు సెట్టే. ట్రాన్సిస్టరు అప్పటికి ఇళ్లలోని రేడియోల్లోకి రాలేదు.

ఆ వాల్వు సెట్టును ఒకసారి దగ్గరగా చూడండి. స్విచ్చు తిప్పగానే పలకదు. ముందు డయలు వెనక బల్బు వెలుగుతుంది, తర్వాత వాల్వుల కడుపులో ఫిలమెంట్లు నారింజ రంగుకు తిరుగుతాయి, అర నిమిషం గడిచాక సన్నగా హమ్ వినిపిస్తుంది. ఖరీదైన సెట్టయితే మ్యాజిక్ ఐ ఉంటుంది. స్టేషను సరిగ్గా కుదిరినప్పుడు ఆ పచ్చ వెలుగు అంచులు దగ్గరికొస్తాయి. వెనక అట్ట విప్పితే టేకు పెట్టె సగం ఖాళీ. ముందు పలకకు బిగించిన 8 అంగుళాల స్పీకరు, పలచటి కాగితపు కోన్, చిన్న గుడ్డ అంచు. దాని మాగ్నెట్టు చిన్నదే, పట్టు మాత్రం గట్టిది.

1953 ప్రాంతంలో ఫిలిప్స్, మలార్డ్ సంస్థలు తెచ్చిన ఈఎల్84 వాల్వు ఆ తర్వాతి ఇంటి రేడియోల్లో శబ్దం మోసే కూలీ అయింది. ఒంటరిగా పనిచేస్తే అది ఇచ్చేది ఐదున్నర వాట్లు, అదీ గొంతు కాస్త జీరపోయే దాకా లాగితే. జంటగా కడితే పది పైమాట. 1954లో మలార్డ్ ప్రచురించిన ‘5-10’ యాంప్లిఫయరు పేరు వెనక లెక్క ఇదే: ఐదు వాల్వులు, పది వాట్లు. ఇంగ్లండులో సొంతంగా యాంప్లిఫయరు కట్టుకున్న ఒక తరం దాని మీదే చేయి తిప్పుకుంది.

ఐదు వాట్లతో హాలు నింపాలంటే స్పీకరు పొదుపరి కావాలి. అందుకే కోన్ కాగితంలా తేలిక, మాగ్నెట్టు బలమైనది, పెట్టె వెనక తెరుచుకుని ఉండేది. స్పీకరుకు ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందో కొలిస్తే అది సెన్సిటివిటీ. నాటి మంచి స్పీకర్లలో అది 96 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండేది. నేటి చిన్న షెల్ఫు స్పీకర్లలో 84 దగ్గర ఆగుతుంది. తేడా చూడ్డానికి పన్నెండే. కానీ ప్రతి 3 డెసిబెల్స్‌కూ వాట్లు రెట్టింపు కావాలి. 12 డెసిబెల్స్ అంటే 16 రెట్లు. పాత స్పీకరు 5 వాట్లతో చేసే సందడికి కొత్తది 80 వాట్లు మింగాలి.

ఈ లెక్క ఎక్కడ తిరగబడిందో కూడా తెలుసు. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ గాలి చొరని పెట్టెలో స్పీకరును మూసి, చిన్న పెట్టెలోంచే లోతైన బాస్ తీశాడు. ధర చెల్లించింది సెన్సిటివిటీ. కొద్ది ఏళ్లలో ట్రాన్సిస్టర్లొచ్చి వాట్లను చవక చేయడంతో ఆ ధర ఎవరికీ బరువనిపించలేదు. ఆ మీదట 1978లో ఆఫ్రికాలోని అప్పటి జైర్ దేశంలో, షాబా గనుల ప్రాంతంలో, యుద్ధం లేచి కోబాల్టు ధర ఆకాశాన్నంటింది. అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిసిన ఆల్నికో మాగ్నెట్ల నుంచి పెద్ద కంపెనీలు చాలావరకు ఫెర్రైటుకు మారిపోయాయి. ఆల్నికో పేరు చెప్పి ఇవాళ పాత స్పీకరుకు వేలకు వేలు అడిగేవాళ్లు ఈ సంగతి చెప్పరు: ఫెర్రైటుతోనూ మంచి స్పీకరు చేయొచ్చు, చేశారు కూడా. మాగ్నెట్టు పేరుకు డబ్బు పెట్టడం నాకు నచ్చని పని. కోన్ బాగుందా లేదా అన్నదే ముందు చూడాలి.

పాతబస్తీలో వాల్వు సెట్టును ఇంట్లోంచి గెంటేసింది గల్ఫ్. 1970ల నుంచి ఇక్కడి కుర్రాళ్లు దుబాయి, సౌదీ పోవడం మొదలుపెట్టాక, వచ్చేటప్పుడు చేతిలో జపాన్ టూ-ఇన్-వన్ ఉండేది. క్యాసెట్టూ రేడియో ఒకదాంట్లోనే, పైగా రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు పోయే రోజులూ 1980ల్లో ముగిశాయి. ఫిలిప్స్, మర్ఫీ, బుష్, జీఈసీ సెట్లు అటకెక్కాయి. మైకుసెట్టు దుకాణాల్లో అహూజా వాల్వు యాంప్లిఫయర్లు ఇంకొన్నాళ్లు పెళ్లిళ్లకూ ఉర్సులకూ తిరిగి, అవీ మూలపడ్డాయి. ఆ సామానే తర్వాత జుమ్మెరాత్ బజార్‌లో, ముర్గీచౌక్ పాత సామాన్ల దుకాణాల్లో తేలింది. ఛత్తాబజార్ దారిలో మహబూబ్ రేడియో సర్వీస్ లాంటి ఒకటీ అరా దుకాణాలు వాల్వుల్ని చాలా కాలం వదలకుండా పట్టుకుని నిలిచినందువల్ల, బాగుచేసే విద్య మాత్రం ఊళ్లోంచి వెంటనే పోలేదు.

అలాంటి దుకాణం మెట్ల మీద వినపడే మాటలు ఎక్కడైనా ఒకటే తీరు.

“ఈ డబ్బాల కొత్త స్పీకరు పెట్టియ్యరాదు భాయ్?”

“ఎందుకు సాబ్, మాగ్నెట్ మంచిగుంది. రింగు పగిలింది, గంతే. అతికిస్తే ఇంకా మస్తు రోజులు పాడుతది.”

ఆ భాయ్ మాట వినాలి. పాత పెట్టెలో కొత్త బరువు కోన్ స్పీకరు బిగిస్తే 5 వాట్లకు అది కదలనే కదలదు. ముందు ఉన్నదాన్ని పరీక్షించండి. గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లును స్పీకరు కొనలకు తాకిస్తే ‘టక్కు’మని కోన్ కదలాలి. కదిలితే కాయిల్ బతికే ఉంది. నాలుగు వేళ్లు సమంగా ఆనించి కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమంటే కాయిల్ సందులో దుమ్ము చేరిందన్నమాట, హైదరాబాదు ఇళ్లలో మామూలే. కాగితం చిరిగిన చోట పలచటి టిష్యూ కాగితం, పలచన చేసిన తెల్ల గమ్ము చాలు. మందంగా పూస్తే కోన్ బరువెక్కి గొంతు మారిపోతుంది. 1970ల తర్వాతి స్పీకర్లలో అంచుకు వాడిన ఫోమ్ మన ఎండకూ ఉక్కకూ పిండిలా రాలిపోతుంది, దానికి రింగు మార్చక తప్పదు. వెనకటి గుడ్డ అంచులు మాత్రం ఇంకా నిలిచే ఉంటున్నాయి.

రెండు ఉచ్చులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి చాలా సెట్లలో స్పీకరుకు శాశ్వత మాగ్నెట్టు ఉండదు, ఫీల్డ్ కాయిల్ ఉంటుంది. ఆ కాయిల్‌లోంచే సెట్టు హైటెన్షన్ కరెంటు ప్రవహించి, అక్కడే హమ్ కూడా వడకట్టుకుంటుంది. స్పీకరును ఊడదీశారంటే అటు స్పీకరు మూగ, ఇటు సెట్టు చావు. ఇంకోటి, ఫిలిప్స్ తన కొన్ని సెట్ల కోసం చేసిన 800 ఓముల స్పీకరు. చూడ్డానికి మామూలు స్పీకరే. మీటరు పెట్టకుండా 8 ఓముల కొనకు కట్టేసి, ‘దీంట్లో దమ్ము లేదు’ అని పారేసినవి ఎన్నుంటాయో! మామూలు 8 ఓముల స్పీకరు మీటరు మీద 6 చిల్లర చూపిస్తుంది. వందల్లో చూపిస్తే అది వేరే జాతి.

ఇక యాంప్లిఫయరు. అందులో అసలు ఖరీదు వాల్వుది అనుకుంటాం గానీ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుది. ఈఎల్84 తన ప్లేటు దగ్గర 5,000 ఓముల పైచిలుకు భారం కోరుకుంటుంది. స్పీకరు దగ్గరున్నది 8. వీళ్లిద్దరి మధ్య సంబంధం కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య ట్రాన్స్‌ఫార్మరే, సుమారు 25 చుట్లకు ఒక చుట్టు చొప్పున. ఇనుము తక్కువ పెట్టి చుట్టించారో, బాస్ అక్కడే ఆగిపోతుంది, ఏ వాల్వు మార్చినా తిరిగి రాదు. డబ్బుంటే ఇక్కడ పెట్టండి. బంగారు పూత పిన్నులకూ వేలెడు లావు స్పీకరు వైర్లకూ పెట్టకండి.

అటక మీది సెట్టును దించి నేరుగా ప్లగ్గులో పెట్టడం కంటే తెలివితక్కువ పని లేదు. మన మెకానిక్కులు వాడే సిరీస్ బల్బు ఉంది కదా, దాంతోనే మొదలుపెట్టాలి. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉంటే లోపల షార్టు. ముందుగా మార్చాల్సింది ఈఎల్84 గ్రిడ్‌కు చేరే కప్లింగ్ కెపాసిటరు. మైనం పూసిన పాత కాగితపు కెపాసిటరు కారడం మొదలైతే వాల్వు ప్లేటు ఎర్రగా కాలి, దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మరునూ తీసుకుపోతుంది. ఆ తర్వాత ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్‌లు. వెనక వోల్టేజి మార్చే బిళ్ల 220 మీద ఉంటే 240కి జరపండి. కరెంటు 240 వచ్చిన రోజున 6.3 వోల్టులు కోరే ఫిలమెంటు 6.9 దాకా మింగి ఆయుష్షు తగ్గించుకుంటుంది. లోపల 250, 300 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కాచుకుని కూర్చుంటుంది. తెలియనివాళ్లు మూత తీయొద్దు.

ఇంత కష్టపడి ఏం వినాలి? వాల్వు వల్ల ప్రతిదీ మధురమవుతుందన్న మాట నేను నమ్మను. ఇవాళ్టి సినిమా పాటలోని బాస్ గుద్దుడు దీనికి చేతకాదు. కానీ హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ గొంతు వినండి. చివరి రోజుల్లో ఆయనకు ఆశ్రయమిచ్చిందీ పైగా కుటుంబమే. 1968 ఏప్రిల్‌లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూసి, పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో నిద్రిస్తున్నాడు. ఆనాటి రికార్డింగుల్లో ఎక్కువగా ఉన్నది మధ్య స్థాయి స్వరాలే, కాగితపు కోన్‌కు బాగా వచ్చిన భాష అదే. అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ పెట్టండి, చప్పట్లు విడివిడిగా వినిపిస్తాయి. ఐదు వాట్లలో రెండు కూడా ఖర్చు కావు.

వాల్వులకు కొదవేం లేదు, కొత్తవి స్లొవేకియా, రష్యా, చైనా ఫ్యాక్టరీల్లో తయారవుతూనే ఉన్నాయి. మన దేశంలోనూ బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల తొలినాళ్ల నుంచి ఈఎల్84లు చేసి దేశమంతటి రేడియోలకు పంపింది. ఆ పాత అట్టపెట్టెల్లో మిగిలిన సరుకును ఇప్పుడు విదేశీ సంగీతప్రియులు వెతికి వెతికి కొనుక్కుపోతున్నారు. పాతబస్తీ మెకానిక్కేమో స్లొవేకియా సరుకు కోసం ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టి కొరియరు కోసం ఎదురుచూస్తున్నాడు.