మందు కొట్టే కూలీదేనా తప్పు?

పత్తి చేలో మందు కొడుతూ మనిషి పడిపోతే మొదట వినిపించే మాట ‘జాగ్రత్త తీసుకోలేదు’. 2017లో మహారాష్ట్రలో, చంద్రాపూర్ పొరుగునే ఉన్న యవత్మాల్ జిల్లాలో 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయి, వందల మంది ఆసుపత్రుల పాలైనప్పుడూ ఇదే మాట. ఆ ఏడు పత్తి తలెత్తు పెరిగింది. పైకి కొట్టిన మందు తిరిగి మొహం మీదే పడింది. ప్రొఫెనోఫాస్ లాంటి పురుగుమందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. విపరీతంగా చెమట పట్టడం విషం తొలి గుర్తుల్లో ఒకటి. సెప్టెంబరు ఉక్కలో, వీపున పంపు మోసేవాడికి చెమట పడితే ఎవరు అనుమానిస్తారు?

మన పురుగుమందుల చట్టం పుట్టిందే ఒక విషాదంలో. 1958లో ఓడలో పారాథియాన్ అనే పురుగుమందు కారి గోధుమ సరుకులో కలవడంతో కేరళలో వందమందికి పైగా చనిపోయారు. పదేళ్లకు, 1968లో చట్టం వచ్చింది, 1971లో నిబంధనలు. వాటిని చదివితే నింద తలకిందులవుతుంది. మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు ఉండాలని, తయారీదారులు, పంపిణీదారులు శిక్షణ ఏర్పాటు చేయాలని వాటిలోనే ఉంది. తొడుగుల్లేని చేతిని తప్పుపట్టే ముందు, తొడుగులు ఇవ్వాల్సిందెవరో అడగాలి కదా.

డబ్బాలో కరపత్రం ఉందిగా, చదవొచ్చుగా అంటారు. హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ ప్రాంతపు ఒకటి రెండు భాషల్లో కరపత్రం ఉండాలన్నది నిజమే. చంద్రాపూర్ జిల్లాలోని జివతి సంగతి చూడండి. ఇది ఉన్న ఒకప్పటి రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. హద్దు జరిగినా ఇళ్లలో తెలుగు, గోండీ, కొలామీ, లంబాడీ భాషలు మరాఠీ పక్కనే నిలిచాయి. ఒకటి రెండు భాషలు ఇక్కడ ఎవరికి చాలుతాయి? పైగా డబ్బా కొనేది ఆసామి, కొట్టేది కూలీ. కరపత్రం ఆ చేతికి చేరేదెప్పుడు? రెండు మూడు మందులు కలిపి కొట్టడం రైతు చేసే పనేనన్న వాదనలో కొంత నిజముంది, కాదనను. కానీ అప్పుమీద మందిచ్చే దుకాణదారే చాలాచోట్ల సలహాదారు కూడా.

కాబట్టి ఇకముందు ఏ విచారణైనా కూలీ ఏం తొడుక్కోలేదన్న దగ్గర ఆగకూడదు. తొడుగులు, శిక్షణ ఎవరు ఇవ్వలేదో పేర్లతో సహా రాయాలి.