వొండ్రు యెవరి పేరు మీద? గోదావరి లంకల చరిత్రకు కొన్ని మాటలు

భూమి సమస్య గురించి మాట్లాడేటప్పుడు మనం భూమిని కదలని వస్తువుగా తీసుకుంటాం. పట్టా, సర్వే నంబరు, హద్దురాయి. గోదావరి లంకల్లో యీ లెక్క కుదరదు. అక్కడ భూమి పుడుతుంది, పెరుగుతుంది, వొక్క వరదకు పోతుంది కూడా. అలాంటి నేలకు హక్కుదారు యెవరని అడిగేముందు, ఆ నేల యెట్లా పుట్టిందో తెలుసుకోవాలి. దళిత కూలీల భూమి చరిత్ర రాసేవాళ్ళకి మట్టి సంగతులెందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. యెందుకో చెప్పటానికే యీ వ్యాసం.

ధవళేశ్వరం దగ్గర గోదావరి వెడల్పు సుమారు 4 మైళ్ళు. అక్కణ్ణుంచి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వాలు తగ్గి, వెడల్పు పెరిగి, నీటి వేగం పడిపోతుంది. వేగం తగ్గిన నీరు ముందు బరువైన యిసకను దించేస్తుంది. సన్నటి మట్టిని యింకా మోసుకుపోతుంది. అందుకే వంపుకి లోపలి వైపున, పాయ చీలే చోట యిసక మేట వేస్తుంది. మేట తలవైపు ముతక యిసక, తోకవైపు మెత్తటి వొండ్రు. వొకే లంకలో రెండు రకాల నేల వుండటానికి కారణం యిదే.

వట్టి యిసక మేటని లంక అనలేం. వచ్చే యేడు వరద దాన్ని తోసుకుపోగలదు. దాన్ని నిలబెట్టేది రెల్లు. గాలికి కొట్టుకొచ్చిన గింజ తడి యిసకలో మొలిచి, వేళ్ళతో నేలను పట్టుకుంటుంది. వరదొస్తే దుబ్బులు నీటికి అడ్డంపడి వేగాన్ని చంపుతాయి. యిసక మీద నిలవని సన్నటి వొండ్రు ఆ దుబ్బుల మధ్య దిగుతుంది. మట్టి కప్పేసినా రెల్లు చావదు, పైపొరలోంచి మళ్ళీ లేస్తుంది. యిట్లా యేటికేడు నేల యెత్తు పెరుగుతుంది. వొక యెత్తు దాటాక మామూలు వరద పైకెక్కదు, పేరుకునే మట్టి కూడా తగ్గుతుంది. వొండ్రులో యెక్కువ భాగాన్ని అంచున వున్న దట్టమైన రెల్లే పట్టేస్తుంది. అంచు మిట్టవుతుంది, నడుమ పల్లం మిగులుతుంది. లంకలో మిట్ట మీద చేను యెవరిదో, పల్లంలో గుడిసెలు యెవరివో వెళ్ళి చూడమని విద్యార్థి మిత్రులకి మా మనవి.

1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కథ మనకు బడిలో చెప్పారు. కాటన్ ఆనకట్టని నాలుగు ముక్కలుగా, నడుమ లంకల్ని ఆసరా చేసుకుని కట్టాడని అంతగా చెప్పరు. నది 4 మైళ్ళున్నా రాతి కట్టడం రెండుంపావు మైళ్ళతో సరిపోయింది. తక్కిన వెడల్పంతా రెల్లూ వొండ్రూ కట్టి పెట్టిన నేలే. తర్వాత యేటిగట్లు లేచాయి. గట్టుకి అవతల ఆయకట్టు, యివతల లంక. పొలాల మీద పరుచుకోవాల్సిన వరద గట్ల మధ్యే యెత్తు లేచింది, దాని మట్టీ అక్కడే దిగింది. ఆయకట్టుకి నీరూ రక్షణా దొరికాయి. లంకకి వొండ్రూ మునకా దొరికాయి.

ఆ వొండ్రు మీద పండిన లంక పొగాకు చుట్టలకు పేరు మోసింది. సర్కారుకి లంక ఆదాయ వనరయింది. యేట్లో పుట్టిన లంక సర్కారుదే, దాన్ని వేలం పాడి కౌలుకిచ్చేవాళ్ళు. 1884 నాటి మద్రాసు నదుల చట్టంతో యేటి పడకలో కట్టే కట్టడాల మీదే కాదు, నాటే మొక్కల మీద కూడా అదుపు తెచ్చుకుంది. రెల్లు విలువ దొరలకి బాగానే తెలుసన్నమాట! వేలంలో నెగ్గేది రొక్కం వున్నవాడు. రెల్లు కొట్టి, నేల చదునుచేసి, పొగాకు నాటింది మాల మాదిగ కూలీలు. 1920ల తర్వాత లేబర్ శాఖ చొరవతో లంకల్ని ఆదిఆంధ్రుల కూలి సహకార సంఘాలకు కౌలుకిచ్చే పద్ధతి వచ్చింది. అది చిన్న గెలుపు కాదు. కానీ దొరికింది కౌలే, హక్కు కాదు.

యిక్కడే అసలు చిక్కు. అంచున రెల్లు వుంచి లోపల దున్నితే నేల నిలుస్తుంది, పెరుగుతుంది. మొత్తం కొట్టేసి అంచుదాకా దున్నితే యిప్పటి పంట యెక్కువొస్తుంది, పై వరదకు కోత పడుతుంది. యేడాది కౌలుదారు అంచు రెల్లుని యెందుకు వుంచుతాడు? పైయేడు ఆ నేల అతనిది కాకపోవచ్చు కదా. కౌలు సంతకం ఆఫీసులో పడుతుంది, దాని ఫలితం యేటి వొడ్డున కనపడుతుంది. కోత పడితే మాత్రం లంక జనానికి జాగ్రత్త లేదంటారు. యీ మాట అనేవాళ్ళకి హక్కుకీ గడ్డికీ వున్న సంబంధం తెలియదో, తెలిసీ అంటారో!

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. 2022 జులైలో కోనసీమ లంకలు మళ్ళీ మునిగాయి. మునక తగ్గలేదు, మట్టి మాత్రం తగ్గింది. 1971-79 మధ్య యేడాదికి సగటున 15 కోట్ల టన్నుల మట్టి తెచ్చిన గోదావరి 1990-98 మధ్య 6 కోట్ల టన్నుల లోపే తెచ్చింది. తక్కినదాంట్లో చాలా భాగం యెగువ డ్యాముల్లో ఆగిపోయింది. దిగిన యిసకని లారీలు యెత్తుకుపోతున్నాయి. మేటే మిగలకపోతే రెల్లు దేని మీద మొలుస్తుంది?

లంక తగాదాల మీద పనిచేసే మిత్రులు అడంగలు నకలుతో ఆగొద్దు. పాత సర్వే పటం పట్టుకుని, నీళ్ళు తగ్గాక, ఆ లంకలో కూలి చేసిన పెద్దమ్మల్నీ పెదనాన్నల్నీ వెంటబెట్టుకుని అంచెంట నడవండి. రెల్లు యెక్కడిదాకా వుండేదో, యెవరు యే యేడు కొట్టమన్నారో, యెన్ని బారల నేల పోయిందో వాళ్ళు చూపిస్తారు. అది పటం మీద గుర్తు పెట్టండి.