ఒకే తీగ మీద వెలిగిన వీధి

1879 ఏప్రిల్ 29 రాత్రి అమెరికాలోని క్లీవ్‌లాండ్ పబ్లిక్ స్క్వేర్‌లో చార్లెస్ బ్రష్ 12 ఆర్క్ దీపాలు వెలిగించాడు. అన్నీ ఒకే తీగ మీద, ఒకదాని తర్వాత ఒకటి: సిరీస్ సర్క్యూట్. ఇందులో ఒక్కటి చెడితే దారి తెగి మిగతావీ ఆరిపోతాయి. అందుకే చెడిన దీపాన్ని తప్పించుకుని కరెంటు పక్కనుంచి పోయే ఏర్పాటు కూడా బ్రష్ కనిపెట్టాడు.

వీధికి అది చాలు. ఇంటికి చాలదు. పడకగదిలో దీపం ఆర్పితే వంటగది చీకటి కాకూడదు కదా!

ఎడిసన్ ప్రతి బల్బునూ రెండు ప్రధాన తీగల మధ్య విడిగా కలిపాడు. ఈ ప్యారలల్ పద్ధతిలో ఏ బల్బు ఆరినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి. అయితే బల్బులు పెరిగేకొద్దీ కరెంటు పెరుగుతుంది, లావుపాటి రాగి తీగలు కావాలి. రాగి ఖరీదు. అందుకని నిరోధం ఎక్కువున్న సన్నని ఫిలమెంటు ఎంచుకున్నాడు. అలాంటి బల్బుకు తక్కువ కరెంటు చాలు. ఆయన అసలు గొప్పతనం ఈ లెక్కలోనే ఉంది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి సుమారు 400 దీపాలు ఇలా వెలిగాయి.

మన పెళ్లిపందిళ్ల పాత సీరియల్ సెట్లది సిరీస్ పద్ధతే. 230 వోల్టులకు 6 వోల్టుల బుల్లి బల్బులైతే 38 దాకా కావాలి. ఒకటి మాడితే వరుసంతా చీకటి. ఏది మాడిందో తెలియాలంటే ఒక్కొక్కటీ మార్చి చూడాల్సిందే. ఇంటి వైరింగు మాత్రం ఇప్పటికీ ప్యారలల్‌లోనే నడుస్తోంది.