అలకనంద లోయ: ఆలయాలు, వరదలు, హెచ్చరికలు

మన పూర్వ విద్యార్థుల్లో బదరీ, కేదారాలు చూసి వచ్చినవారు చాలామందే ఉంటారు. వెళ్ళాలని అనుకుంటున్నవారు ఇంకా ఎక్కువ. ఆ గుళ్ళ స్థలపురాణం దారి పొడుగునా ఎవరైనా చెబుతారు. ఆ లోయ చరిత్రను మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి.

బదరీనాథ్‌కు ఎగువన సతోపంత్, భగీరథ్ ఖరక్ హిమానీనదాల దగ్గర అలకనంద పుడుతుంది. విష్ణుప్రయాగలో ధౌళిగంగను, నందప్రయాగలో నందాకినిని, కర్ణప్రయాగలో పిండర్‌ను, రుద్రప్రయాగలో మందాకినిని కలుపుకొని, సుమారు 195 కిలోమీటర్లు ప్రవహించి దేవప్రయాగలో భాగీరథితో కలుస్తుంది. అక్కడి నుంచే ఆ నదిని గంగ అంటాం.

ఈ ఆలయాలకు దక్షిణాదితో పాత బంధం ఉంది. బదరీనాథ్ ప్రధాన అర్చకులైన రావల్‌లు కేరళ నంబూద్రి బ్రాహ్మణులు. కేదారనాథ్ రావల్‌లు కర్ణాటకకు చెందిన వీరశైవులు. శీతాకాలంలో రెండు గుళ్ళూ మూతపడతాయి. కేదారేశ్వరుడి ఉత్సవమూర్తిని ఊఖీమఠానికి దించుతారు. మంచు కురిసే కాలంలో కొండ మీద ఎవరూ ఉండకూడదన్న తెలివి ఆ ఆచారంలో ఉంది. దేవుడికి కూడా మినహాయింపు లేదు.

ఈ కొండలు స్థిరమైనవి కావు. 1803 భూకంపంలో బదరీనాథ్ ఆలయం బాగా దెబ్బతింది, తరవాత బాగుచేశారు. 1893 సెప్టెంబరులో గోహ్నా గ్రామం దగ్గర కొండచరియ విరిగి, అలకనందలో కలిసే బిరహీ గంగకు అడ్డంగా పడింది. సుమారు 270 మీటర్ల ఎత్తున సహజమైన ఆనకట్ట ఏర్పడి, దాని వెనక నీరు నిలవసాగింది. పుల్‌ఫోర్డ్ అనే ఇంజనీరు వచ్చి పరిశీలించి, మరుసటి ఏడాది ఆగస్టు మధ్యలో నీరు కట్ట మీదుగా పొర్లుతుందని లెక్కగట్టాడు. గోహ్నా నుంచి హరిద్వార్ దాకా టెలిగ్రాఫ్ తీగ వేశారు. వరద ఎంత ఎత్తు దాకా రావచ్చో తెలిపే రాతి స్తంభాలు ఒడ్డు వెంట కట్టారు. వేలాడే వంతెనలు విప్పేశారు, జనాన్ని మెట్టకు తరలించారు.

1894 ఆగస్టు 25 రాత్రి కట్ట తెగింది. గఢ్వాల్ పాత రాజధాని శ్రీనగర్ తుడిచిపెట్టుకుపోయింది. అంత విలయంలో చనిపోయింది అయిదుగురే. పంపించివేసినా తిరిగి కట్ట కిందికే వచ్చిన ఒక ఫకీరు, ఆయన కుటుంబం వాళ్ళు. శ్రీనగర్‌ను తరవాత మరింత ఎత్తైన చోట మళ్ళీ కట్టారు.

ఆ సరస్సులో కొంత భాగం మిగిలిపోయింది. 1970 జులై 20న వచ్చిన భారీ వరదలో అదీ పోయింది. బేలాకూచీ అనే ఊరు, యాత్రికుల బస్సులు కొట్టుకుపోయాయి. ఎగువన అడవులు నరికినందువల్లే నష్టం ఇంత పెరిగిందని చండీప్రసాద్ భట్ వంటి స్థానిక కార్యకర్తలు ఊరూరా తిరిగి చెప్పారు. 1973లో పురాతన గోపీనాథ ఆలయం ఉన్న గోపేశ్వర్‌కు సమీపంలోని మండల్‌లో చిప్కో ఉద్యమం మొదలైంది. 1974 మార్చి 26న రేణీ గ్రామంలో గౌరాదేవి వెంట వచ్చిన స్త్రీలు చెట్లను వాటేసుకుని కాపాడుకున్నారు. 1976లో మిశ్రా కమిటీ ఇంకో హెచ్చరిక చేసింది. జోషీమఠ్ పట్టణం పాత కొండచరియ శిథిలాల మీద ఉంది కాబట్టి అక్కడ భారీ నిర్మాణాలు వద్దని చెప్పింది.

ఆ మాట చెవికెక్కలేదు. 2013 జూన్ 16, 17 తేదీల్లో కుంభవృష్టి కురిసి, కేదారనాథ్ ఎగువన ఉన్న చోరాబారీ సరస్సు తెగింది. వేలమంది చనిపోయారు. మన తెలుగు యాత్రికులు కూడా పెద్ద సంఖ్యలో చిక్కుకుపోయారు. గుడి వెనక ఒక పెద్ద బండ వచ్చి ఆగడంతో ప్రవాహం రెండుగా చీలింది, ఆలయం నిలిచింది. ఆ బండను ఇప్పుడు భీమశిల అని కొలుస్తున్నారు. గుడి చుట్టూ లేచిన కట్టడాలు మాత్రం చాలావరకు నిలవలేదు. 2021 ఫిబ్రవరి 7న రాయి, మంచు కలిసి విరిగిపడి, అదే రేణీ దగ్గర జలవిద్యుత్ కేంద్రం ధ్వంసమైంది. రెండు వందల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్ళు బీటలు వారి, కుటుంబాలను ఖాళీ చేయించవలసి వచ్చింది.

1894ను, 2013ను ఒకే తూకంలో తూచడం న్యాయం కాదు. మొదటిసారి కొండ పదకొండు నెలల గడువిచ్చింది, రెండోసారి గంటలు కూడా ఇవ్వలేదు. అయితే నది ఒడ్డున ఏమి కట్టాలి, ఎంతమందిని పైకి పంపాలి అన్నవి గంటల్లో తీసుకునే నిర్ణయాలు కావు. వాటికి దశాబ్దాల గడువు మనకుంది. గోహ్నాలో లెక్క కట్టినవాడి మాట విని జనాన్ని కదిలించారు. జోషీమఠ్‌లో లెక్క చెప్పిన నివేదిక దస్త్రంలోనే ఉండిపోయింది.

చరిత్ర పాఠం తేదీలు బట్టీపట్టడానికి కాదని మనకు తరగతి గదిలో చెబుతూ వచ్చారు. అలకనంద లోయ అందుకు మంచి ఉదాహరణ. యాత్రకు వెళ్ళే మిత్రులు వాన ముమ్మరంగా ఉండే జులై, ఆగస్టు నెలలను తప్పించుకోవడం మంచిది. దారి మూసేశారని అధికారులు చెబితే ఆగిపోవాలి, ‘ఇంత దూరం వచ్చాక’ అని పట్టుబట్టకూడదు. నది అంచున కట్టిన గదిని దృశ్యం బాగుందని ఎంచుకోకూడదు. ఉపాధ్యాయ మిత్రులు హిమాలయాల పాఠం చెప్పేటప్పుడు శిఖరాల ఎత్తులతో పాటు గోహ్నా కథ కూడా చెబితే బాగుంటుంది. హెచ్చరికను విన్న ఊళ్ళు ఎలా బతికాయో పిల్లలకు అది చూపిస్తుంది.