కూనూరు ఎలుకల సంతతి: భారతదేశంలో ప్రయోగశాల జంతు విజ్ఞాన పరిణామం

భారతదేశంలో ప్రయోగశాల జంతు విజ్ఞానం ఒక స్వతంత్ర శాస్త్రంగా పుట్టలేదు. టీకాల తయారీకీ, ఆహార పరిశోధనకూ అనుబంధంగా చాలాకాలం మనుగడ సాగించింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన పిచ్చికుక్క కాటు టీకా దేశంలో దశాబ్దాలపాటు గొర్రె మెదడునుంచే తయారైంది. ఆ సంస్థలలో జంతువు ముడిసరుకు మాత్రమే. దాని వంశమేమిటో, అది ఏమి తిన్నదో నమోదు చేయవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.

ఆ అవసరం పోషకాహార పరిశోధనలో తలెత్తింది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరులలోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. అనంతర కాలంలో దేశంలోని వివిధ ప్రాంతాల ప్రజల ఆహారాన్ని ఎలుకల గుంపులకు వేరువేరుగా పెట్టి, వాటి ఎదుగుదలను పోల్చాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పులు, కూరగాయలతో కూడిన సిక్కుల ఆహారం తిన్నవి పుష్టిగా పెరిగాయి. పాలిష్ పట్టిన బియ్యం ప్రధానమైన మద్రాసు ఆహారం తిన్నవి వెనుకబడ్డాయి. ఈ ఫలితం సుప్రసిద్ధం. దాని వెనుకనున్న షరతు మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఎలుకల మధ్య పుట్టుకతో వచ్చిన భేదాలుంటే తేడా ఆహారానిదో, ఎలుకదో తేల్చడం సాధ్యం కాదు. కనుక ఒకే వంశానికి చెందిన ఎలుకలను, బయటి రక్తం కలవకుండా, తరతరాలుగా పెంచవలసి వచ్చింది. 1920 ప్రాంతంనుంచి కొనసాగుతున్న ఈ విస్టార్ సంతతి, 1958లో సంస్థ హైదరాబాదుకు తరలినప్పుడు దానితోపాటే వచ్చింది. 1969లో ఆ సంస్థే జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ప్రజాజీవితంలో జంతు ప్రయోగాల ప్రస్తావన వేరే దారిన వచ్చింది. 1953లో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు 1960నాటి జంతు హింసా నివారణ చట్టానికి దారితీసింది. ఆ చట్టం ప్రయోగాలను నిషేధించలేదు. పర్యవేక్షణకు ఒక సంఘాన్ని ఏర్పరచే అవకాశం కల్పించింది. సంఘం 1964లో ఏర్పడింది, నియమాలు 1968లో వచ్చాయి. విదేశీ ప్రయోగశాలలకు ఏటా వేలాదిగా తరలుతున్న రీసస్ కోతుల ఎగుమతిని, వాటిని వైద్యేతర ప్రయోగాలకు వాడుతున్నారన్న ఆరోపణల నేపథ్యంలో, 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం పూర్తిగా ఆపివేసింది.

1968నాటి నియమాల శీర్షికలో ‘ప్రయోగాలు’ అన్న మాట మాత్రమే ఉంది. 1998లో వచ్చిన కొత్త నియమాల శీర్షికలో దానికి ముందు ‘పెంపకం’ చేరింది. ఇది చిన్న మార్పు కాదు. పెంపక కేంద్రాలకు రిజిస్ట్రేషన్, ప్రతి సంస్థలో నైతిక సంఘం, అందులో ప్రభుత్వ సంఘం నియమించిన సభ్యుడు తప్పనిసరి అయ్యాయి. జంతువు బాధ ప్రయోగపు బల్లమీద మాత్రమే మొదలవదని, అది పుట్టి పెరిగే పంజరంలోనే మొదలవవచ్చునని చట్టం ముప్పై ఏళ్ల ఆలస్యంగా గుర్తించింది. పంజరం సరిగా లేకపోతే ఫలితమూ సరిగా ఉండదన్నది పరిశోధకులకు కూనూరు నాటినుంచీ తెలిసిన సంగతే. అయినా అనేక సంస్థలలో జంతుశాల నిర్వహణ పరిశోధనకు తోక పనిగానే మిగిలిపోయింది.

ఈ లోటును తీర్చే ఉద్దేశంతో హైదరాబాదులో 1976లో ఏర్పడిన ప్రయోగశాల జంతు సమాచార కేంద్రం 1998లో జాతీయ ప్రయోగశాల జంతు విజ్ఞాన కేంద్రంగా మారింది. జాతి శుద్ధిగల జంతువుల సరఫరాతోపాటు జంతుశాల సిబ్బందికి శిక్షణ ఇవ్వడం దాని ముఖ్య కార్యం. అంతకు కొద్దికాలం ముందే, 1996–97లో, కూనూరు సంతతిలో అసాధారణంగా లావెక్కే ఎలుకలు కనిపించాయి. వీటిని ఎవరూ ప్రత్యేకంగా సృష్టించలేదు. దాదాపు ఎనభై ఏళ్ల మూసిన సంతతిలో సహజంగా వచ్చిన ఉత్పరివర్తన ఇది. క్రమం తప్పని నమోదు, తూకాలు లేకుంటే అది తిండిపోతు ఎలుకగా భావించబడి తొలగింపబడి ఉండేది. ఈ లక్షణం అసంపూర్ణ బహిర్గతత్వం కలది కావడంవల్ల ఒకే ఈతలో బక్కవి, మధ్యరకానివి, స్థూలమైనవి అని మూడు రకాల పిల్లలు పుడతాయి. స్థూలకాయ పరిశోధనకు విలువైన నమూనాగా డబ్ల్యూఎన్‌ఐఎన్/ఓబీ పేరుతో అది ప్రసిద్ధమైంది. స్థూలమైన ఎలుకలకు సంతానయోగ్యత లేదు. కనుక వంశాన్ని మధ్యరకపు వాహక ఎలుకల జతలద్వారానే నిలబెట్టవలసి ఉంటుంది.